కాలేజీకి ఒక్కరే లైబ్రేరియన్: వృత్తి సంఘంలో స్వచ్ఛందంగా పని మొదలుపెట్టడం ఎలా

డిగ్రీ కాలేజీలో లెక్కల మాస్టార్లు ముగ్గురుంటారు, తెలుగు మేడమ్‌లు ఇద్దరుంటారు. లైబ్రేరియన్ మాత్రం ఒక్కరే. స్టాఫ్ రూంలో లెక్కలవాళ్ళు సిలబస్ మీద వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటారు. మీరు ఎవరితో పోట్లాడతారు? ఈ పుస్తకానికి సాహిత్యం కింద నంబరు ఇవ్వాలా, చరిత్ర కిందా అని పైకి అనుకున్నారంటే, పక్కనున్నవాళ్ళు ‘ఏదో ఒక బీరువాలో పెట్టేయండి మేడమ్’ అంటారు. రేపు కాలేజీ నాణ్యతను తేల్చే న్యాక్ టీం వస్తోందనగా ఇవాళ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే ఆ టెన్షన్ ఏంటో ఆ భవనం మొత్తంలో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

నేను తొమ్మిదేళ్ళు అలాగే నెట్టుకొచ్చాను. పదో ఏట మా జిల్లా లైబ్రేరియన్ల సంఘంలో ఒక చిన్న పని నెత్తిన వేసుకున్నాను. జీతం పెరగలేదు, హోదా మారలేదు. కానీ నా పని ఏంటో తెలిసిన మనుషులు దొరికారు. అది ఎంత పెద్ద విషయమో దొరికాకే తెలిసింది. మీరూ అలా మొదలుపెట్టాలనుకుంటే ఏం చేయాలో, నేను చేసిన తప్పులతో సహా చెప్తాను. ఉదాహరణలన్నీ లైబ్రరీవే. ఆస్పత్రికి ఒక్కరే ఉండే ఫిజియోథెరపిస్టులు, ఫ్యాక్టరీకి ఒక్కరే ఉండే సేఫ్టీ ఆఫీసర్లు పేర్లు మార్చుకుని చదువుకోవచ్చు.

ముందు ఏ సంఘమో తేల్చుకోండి

ఉద్యోగ సంఘం వేరు, వృత్తి సంఘం వేరు. పీఆర్సీ, డీఏ బకాయిలు, బదిలీలు, వీటి కోసం కొట్లాడేది ఉద్యోగ సంఘం. అది ఉండాల్సిందే. దాని చందా మానకండి. పాత పుస్తకాలకు చెద పడితే ఏం చేయాలి, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో తెలుగు పేర్లు ఎలా ఎక్కించాలి, బి.లిబ్ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) అయిన పిల్లకు మొదటి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది అని మాట్లాడుకునే చోటు మాత్రం వృత్తి సంఘమే. మనవాళ్ళు చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని, మొదటిదాంట్లో గొడవలు చూసి రెండోదానికి కూడా దూరంగా ఉంటారు.

దేశం మొత్తానికి ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ 1933 నుంచీ ఉంది. పరిశోధన సంస్థల్లో, ప్రత్యేక గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్ళకి 1955లో కలకత్తాలో పుట్టిన ఇయాస్లిక్ ఉంది. మన తెలుగువాళ్ళు ఈ రెంటికంటే ముందే మేలుకున్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైంది. దాన్ని తలకెత్తుకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. తర్వాత ఇరవై ఏళ్ళకు, 1935లో, పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే పడవలో పుస్తకాలు పెట్టి బోటు గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం ఎటూ గంటలకొద్దీ సాగుతుంది, కూర్చున్నవాళ్ళు చదువుకుంటారు కదా అని. పని ఎక్కడుందో చూసి, ఎవరూ చెప్పకుండానే చేశారు. మీరు వెతకాల్సిన సంఘంలో ఆ గుణం కాస్తయినా మిగిలి ఉండాలి.

మీ మొదటి అడుగు జిల్లా స్థాయిలోనే వేయండి. జాతీయ సంఘంలో సభ్యత్వం తీసుకుంటే మంచిదే, సదస్సులకు వెళ్ళొచ్చు, అక్కడ మీ పరిశోధన పత్రం చదవొచ్చు. కానీ అక్కడ వేలమందిలో మీరొకరు. జిల్లాలో నలభైమంది వచ్చే సమావేశంలో ఇద్దరు పనిచేస్తే ఆ ఇద్దరిలో మీరొకరవుతారు. మీ జిల్లాలో సంఘం పేరుకే ఉంటే, లేదా వాట్సాప్ గ్రూపుగా మిగిలిపోతే, అదీ పనికొస్తుంది. గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్యలో అప్పుడప్పుడు ఎవరో ఒకరు నిజమైన ప్రశ్న అడుగుతుంటారు. వాళ్ళ నంబరు దాచుకోండి.

డబ్బు కట్టే ముందు ఒకసారి వెళ్ళి కూర్చోండి

శాశ్వత సభ్యత్వం తీసుకోమని ఎవరో ఒకరు రశీదు పుస్తకంతో ఎదురొస్తారు. తొందరపడకండి. మొదటి ఏడాది వార్షిక సభ్యత్వం చాలు. ఈలోగా ఆగస్టు 12న లైబ్రేరియన్ల దినోత్సవానికో, నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకో వెళ్ళండి. అంతకంటే మంచిది, జనరల్ బాడీ మీటింగ్‌కి వెళ్ళండి. ఉత్సవంలో సంఘం ముఖం కనిపిస్తుంది. జనరల్ బాడీలో నాడి తెలుస్తుంది.

నేను చూసేవి ఇవి. కిందటేడాది జమాఖర్చులు పైకి చదివారా, లేక ‘కాపీలు తర్వాత పంపిస్తాం’ అన్నారా? సంఘం రిజిస్టర్ అయి ఉంటే (మన రెండు రాష్ట్రాల్లో దీనికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది) రిజిస్ట్రార్‌కి ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గం జాబితా ఇస్తున్నారా? కార్యదర్శి ఎన్నేళ్ళుగా మారలేదు? ఇంకోటి, వేదిక మీద ఆడవాళ్ళు ఏం చేస్తున్నారు? మాట్లాడుతున్నారా, బొకేలు అందిస్తున్నారా? ఈ చివరి ప్రశ్న ఒక్కటి చూసుకున్నా ఆ సంఘంలో మీకు పని దొరుకుతుందో లేదో సగం తెలిసిపోతుంది.

అన్నీ సవ్యంగా ఉన్న సంఘం మీకు దొరకదు. నాకూ దొరకలేదు. లెక్కలు దాచేచోట మాత్రం ఉండకండి. మిగతావాటితో సర్దుకోవచ్చు.

సభ అయ్యాక టీ తాగకుండా వెళ్ళిపోకండి. అసలు మీటింగ్ టీ దగ్గర జరుగుతుంది. కుర్చీలు సర్దుతుంటే రెండు మీరూ అందుకోండి. ఎవరెవరు దేని గురించి విసుక్కుంటున్నారో వినండి. ఒకే విషయం మూడు నోళ్ళలో వినిపించిందంటే మీకు పని దొరికినట్టే.

పని మీరే వెతుక్కోండి, చిన్నది

అందరూ చేసే పొరపాటు పదవితో మొదలుపెట్టడం. కొత్తగా వచ్చారు, ఉత్సాహంగా ఉన్నారు, చదువుకున్నారు అని సహాయ కార్యదర్శిని చేసేస్తారు. మీకూ ముచ్చటగానే ఉంటుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఫ్లెక్సీ మీద మీ ఫొటో ఉంటుంది, చేతిలో చేసిన పని ఉండదు. మొదటి ఏడాది పదవి వద్దనండి. వినయం చూపించడానికి కాదు, చేతులు ఖాళీగా ఉంచుకోవడానికి.

పని ఎలాంటిదై ఉండాలంటే, మూడు నెలల్లో అయిపోవాలి. అయిపోయిందో లేదో ఎవరికైనా కనిపించాలి. మీరొక్కరే చేయగలిగినా ఇంకొకరు అందుకోవడానికి వీలుండాలి. కార్యక్రమానికి ‘సహకరించడం’ పని కాదు. ఆహ్వాన పత్రం ప్రూఫు చూడటం పని. పాత సంచికలు స్కాన్ చేయడం పని. జిల్లాలో ఏ కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో, కోహానా, ఈ-గ్రంథాలయ అనే సాఫ్ట్‌వేరా, ఇప్పటికీ రిజిస్టరేనా అని ఒక పట్టిక తయారుచేయడం మంచి పని. బి.లిబ్ ఆఖరి సెమిస్టరు పిల్లలు ఐదుగురిని కూర్చోబెట్టి ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయడం ఇంకా మంచి పని. ఊళ్ళో శాఖా గ్రంథాలయం మూతపడి ఉంటే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు మన జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ అయిందని సమాచార హక్కు కింద దరఖాస్తు రాయడం కూడా పనే. కాకపోతే అది రెండో ఏడాదికి దాచుకోండి.

నాకు దొరికింది వీటన్నిటికంటే చప్పగా ఉన్న పని. మా సంఘం సభ్యుల జాబితా ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఒక పాత నోటు పుస్తకం, ఒక ఎక్సెల్ షీటు, కోశాధికారి ఫోనులో కొన్ని పేర్లు. మూడింటినీ కలిపి ఒక్కటి చేస్తానన్నాను. లైబ్రేరియన్ల సంఘానికి సొంత కేటలాగు లేకపోవడం నవ్వొచ్చే విషయమే. ఎవరూ నవ్వలేదు.

మూడు వందల పైచిలుకు పేర్లు. రోజూ సాయంత్రం ఐదారు ఫోన్లు. సగం నంబర్లు పనిచేయవు. కొన్ని పనిచేస్తాయి గానీ ఎత్తినవాళ్ళు ఇంకెవరో. ఒకచోట ఒకావిడ ఎత్తి, ‘ఆయన పోయి రెండేళ్ళయిందమ్మా, మీరు లైబ్రరీవాళ్ళా? ఎవరూ రాలేదు’ అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆ పేరు కొట్టేయలేదు, పక్కన ఒక గడి పెంచి రాసుకున్నాను. తర్వాతి సభలో ఆ గడిలో చేరిన పేర్లన్నీ చదివి నిమిషం సేపు నిలబడ్డాం. అంతకుముందు మా సంఘంలో ఆ అలవాటు లేదు.

ఇంకో రోజు ఒక రిటైర్డ్ లైబ్రేరియన్‌ గారికి ఫోన్ చేశాను. చిరునామా సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలనుకున్నాను. ‘ఏమ్మా, నువ్వు క్లాసిఫికేషన్ ఏ ఎడిషన్ వాడతావు?’ అన్నారు. నలభై నిమిషాలు మాట్లాడారు. టైపు మిషను మీద కేటలాగు కార్డులు కొట్టేవారట. ఒక్క అక్షరం తప్పుపడితే కార్డు పారేయాలి కాబట్టి, పారేసిన కార్డుల వెనక పిల్లలకు పద్యాలు రాసి ఇచ్చేవారట. ఒక పుస్తకానికి రెండు చోట్ల నంబరు ఇవ్వొచ్చనిపిస్తే ఏం చేయాలి అని నన్ను తొమ్మిదేళ్ళు వేధించిన సందేహానికి ఆయన ఒక్క వాక్యంలో జవాబు చెప్పారు: ‘నీ లైబ్రరీకి వచ్చే పిల్లాడు ఎక్కడ వెతుకుతాడో అక్కడ పెట్టు, రెండోచోట నుంచి దారి చూపించు.’ ఏ క్లాసులోనూ వినని మాటేం కాదు. అదే బాధ పడ్డ మనిషి నోట వినడం వేరు. షీటులో ఆయన పేరు పక్కన ‘గంట తీరిక ఉన్నప్పుడే చేయాలి’ అని రాసుకున్నాను.

అడిగే తీరు

కార్యదర్శి దగ్గరికి వెళ్ళి ‘ఏమైనా పని ఉంటే చెప్పండి సార్, నేనున్నాను’ అనకండి. ఆ మాట మంచి మనసుతో అన్నదే అయినా, ఆయనకు ఇంకో పని పెట్టినట్టవుతుంది. ఇప్పుడాయన మీకు తగిన పని ఆలోచించాలి, వివరించాలి, తర్వాత గుర్తుచేయాలి. ‘తప్పకుండా మేడమ్’ అని మర్చిపోతారు. అది ఆయన తప్పు కాదు.

ఇలా రాయండి. వాట్సాప్ చాలు:

‘నమస్కారం సార్. నేను ఫలానా కాలేజీ లైబ్రేరియన్‌ని. కిందటి సమావేశంలో సభ్యుల చిరునామాలు కలవడం లేదని ముగ్గురు అన్నారు. ఆ జాబితా నేను సరిచేసి దసరా నాటికి ఇస్తాను. నాకు పాత నోటు పుస్తకం, ఎక్సెల్ ఫైలు కావాలి. పదిహేను రోజులకోసారి ఎంతవరకు వచ్చిందో మీకు, కోశాధికారి గారికి రాస్తాను. మీకు సమ్మతమైతే ఈ ఆదివారం వచ్చి పుస్తకం తీసుకుంటాను.’

పని ఏంటో, ఎప్పటికి అవుతుందో, ఏం కావాలో, ఎవరికి చెప్తానో, అన్నీ ఇందులో ఉన్నాయి. ఆయన ‘సరే’ అంటే చాలు. పెద్దవాళ్ళు ఉన్న సంఘాల్లో ఇంకో మర్యాద కూడా ఉంది. ఆ పని ఇదివరకు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ముందు ఫోన్ చేయండి. ‘మీరు చేసినదాన్నే ముందుకు తీసుకెళ్తున్నానండీ’ అనండి. ఈ ఫోన్ మర్చిపోయి నేను ఒకాయన అలక మూడు నెలలు మోశాను.

ఇల్లు, ఆఫీసు

వారానికి రెండు గంటలు. అంతకు మించి మొదటి ఏడాది ఇవ్వకండి. ఏ రోజు, ఏ వేళ అన్నది ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి. ఆదివారాలు సంఘానికి పోతే ఇంట్లో ఎవరో ఒకరు ఆ భారం మోస్తున్నట్టే లెక్క. మోసేది ఎక్కువగా ఇల్లాలేనని వేరే చెప్పక్కర్లేదు. మీరే ఇల్లాలైతే రెండు వైపులా మీరే మోస్తారు. అందుకే ‘ఆదివారం మీటింగ్ వద్దు, శనివారం మధ్యాహ్నం పెట్టండి’ అని అడగడానికి మొహమాటపడకండి. మేం అడిగాం. మార్చారు. హాజరు తగ్గుతుందని భయపెట్టారు గానీ తగ్గలేదు.

ప్రిన్సిపాల్‌కి కూడా చెప్పండి. సదస్సుకి వెళ్ళాలంటే ఓడీ (డ్యూటీ మీద వెళ్ళినట్టు అనుమతి) కావాలి, అది ముందుగా రాసి అడిగితేనే వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగులైతే పదవి తీసుకునేముందు ప్రవర్తన నియమావళి ఒకసారి చూసుకుని, అవసరమైతే అనుమతి తీసుకోండి. సంఘం కరపత్రాలు కాలేజీ ప్రింటరు మీద కొట్టకండి. పది కాగితాలే కదా అనిపిస్తుంది. ఎవరో ఒకరు లెక్కపెడతారు.

వర్క్‌షాప్ పెడితే

చిన్న పనులు ఒకటి రెండు అయ్యాక మీరంతట మీరే ఒక కార్యక్రమం చేయాలనిపిస్తుంది. ఉపన్యాసాలు వద్దు. చేతులతో చేసే వర్క్‌షాప్ పెట్టండి. మా దగ్గర ఎక్కువ గిరాకీ ఉన్నది కోహాకి.

కోహా అంటే మావోరీ భాషలో కానుక. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయం కోసం రాయించుకున్న సాఫ్ట్‌వేర్‌ని 2000లో అందరికీ ఉచితంగా వదిలేశారు. అప్పటినుంచి ప్రపంచం నలుమూలలా లైబ్రేరియన్లు, ప్రోగ్రామర్లు తలా ఒక చెయ్యి వేసి పెంచుతున్నారు. మనం వాడే సాఫ్ట్‌వేరే స్వచ్ఛంద సేవతో నడుస్తోందన్నమాట. దాన్ని నేర్పడానికి మనిషికి ఇంతని ఫీజు తీసుకునే సంస్థలున్నాయి. మన సంఘం భోజనం ఖర్చుకి నేర్పగలదు.

ఇరవైమందికి మించి తీసుకోకండి. ఐదుగురికి ఒక సహాయకుడు ఉండాలి. సహాయకులకు ముందు రోజు సాయంత్రం అదే ల్యాబ్‌లో ఒకసారి మొత్తం చేసి చూపించండి. ప్రతివాళ్ళనీ వాళ్ళ సొంత లైబ్రరీ నుంచి యాభై పుస్తకాల వివరాలు ఎక్సెల్‌లో తెచ్చుకోమనండి. ఎవరి పుస్తకాలు వాళ్ళవైతే శ్రద్ధ వేరుగా ఉంటుంది. పైగా సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు యాభై రికార్డులు సిద్ధంగా ఉంటాయి.

మా మొదటి వర్క్‌షాప్‌లో, ఒక కాలేజీ ల్యాబ్‌లో, పదిన్నరకు ఇంటర్నెట్ పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు. నేను ఆన్‌లైన్ డెమో మీద ఆధారపడి ఉన్నాను, ఇంకో దారి పెట్టుకోలేదు. చెమటలు పట్టాయి. చివరికి బోర్డు మీద గళ్ళు గీసి ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని రాయించాం. కోహాలో ఒక్కో వివరానికి ఒక్కో గడి, దానికో నంబరు ఉంటుంది: 100లో రచయిత, 245లో పుస్తకం పేరు, 020లో ఐఎస్‌బీఎన్, 082లో డ్యూయీ నంబరు (పుస్తకం విషయాన్ని బట్టి ఇచ్చేది), 952లో మన ప్రతి వివరాలు. భోజనాల వేళకి ఈ అంకెలు ఎక్కాల్లాగా నోటికొచ్చేశాయి. కానీ కంప్యూటర్ మీద చేయించలేకపోయాం, అది లోటే. కొందరు ఆ మాట మొహం మీదే అన్నారు.

అప్పటినుంచి ఒకే ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి కోహా పెట్టుకుని, చిన్న వైఫై రౌటరు వెంట తీసుకెళ్తున్నాం. మిగతా కంప్యూటర్లన్నీ బ్రౌజర్లో దానికే కలుస్తాయి, ఇంటర్నెట్ అక్కర్లేదు. వేరే గ్రంథాలయాల నుంచి రికార్డులు దించుకోవడం ఒక్కటే అలా కుదరదు. దానికి సహాయకుల ఫోన్లలో డేటా ఉంచుకుంటాం. కరెంటు పోతే ఏంటి అని కూడా ఆలోచించాం గానీ, దానికి ల్యాబ్‌లో యూపీఎస్ ఉందో లేదో ముందే చూసుకోవడం తప్ప మందు లేదు.

మనవాళ్ళకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పాలి. పాత ఎక్సెల్ షీట్లలో తెలుగు పుస్తకాల పేర్లు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే వింత గుర్తులు కనిపిస్తాయి. వాటిని అలాగే కోహాలోకి ఎక్కిస్తే వెతికినా దొరకవు. ఏ కంప్యూటర్లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చాక ఎక్కించాలి, మార్చాక కూడా ఒత్తులు ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. ఈ ఒక్క సంగతి కోసమే మా రెండో వర్క్‌షాప్‌లో గంటన్నర కేటాయించాం. బయటినుంచి వచ్చి నేర్పేవాళ్ళకి ఈ బాధ తట్టదు. మన సంఘం మనకెందుకో నాకు బాగా అర్థమైంది ఆ గంటన్నరలోనే. ఒకరి షీటు పాడైతే పదిమంది కుర్చీలు జరుపుకుని చుట్టూ మూగారు.

డబ్బు సంగతి

వర్క్‌షాప్ ఫీజు మీ సొంత ఫోన్‌పేకి వేయించుకోకండి. ఎంత తొందరైనా సరే. సంఘం ఖాతాకే రావాలి, ప్రతి వందకీ రశీదు వెళ్ళాలి. కార్యక్రమం అయిన వారం లోపు జమాఖర్చు గ్రూపులో పెట్టండి: ఇంత వచ్చింది, భోజనాలకి ఇంత, టీకి ఇంత, మిగిలింది ఇంత. ఎవరూ అడగకపోయినా పెట్టండి. అడిగాక పెడితే సంజాయిషీలా ఉంటుంది.

శాలువా ఎవరికి కప్పినా

మీరు మూడు నెలలు కష్టపడి చేసిన పనికి వేదిక మీద వేరే ఎవరికో శాలువా కప్పుతారు. ఇది జరుగుతుంది. నాకు రెండుసార్లు జరిగింది. మొదటిసారి ఇంటికొచ్చి రాత్రంతా సణిగాను. రెండోసారి దారి తెలిసింది. కార్యక్రమ నివేదిక, మీటింగ్ మినిట్స్ రాసే పని ఎవరూ ఇష్టపడరు, దాన్ని నేనే తీసుకున్నాను. అందులో ఎవరు ఏం చేశారో పేరుపేరునా రాస్తాను: కుర్చీలు తెచ్చిన అటెండరు పేరు, షీటు సరిచేసిన ట్రైనీ అమ్మాయి పేరు, నా పేరు కూడా. శాలువా బీరువాలో ముడతలు పడుతుంది. మినిట్స్ పుస్తకం పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు తిప్పుతారు. అయినా అయ్యంకి వారికి పద్మశ్రీ వచ్చింది 1972లో. ఆయన బెజవాడలో సభ పెట్టింది 1914లో. మనం మూడు నెలలకే అలిగితే ఎలా?

అలా అని అన్నీ సహించమని కాదు. మీ మాటకి ఎప్పుడూ విలువ ఇవ్వకపోతే, కులం లెక్కలో ఊరి లెక్కలో ముఠాలు కట్టి మిమ్మల్ని ఒక పక్కకి లాగుతుంటే, చేతిలో ఉన్న పని ముగించి బయటికి రండి. మధ్యలో వదిలేసి మాత్రం రావద్దు.

చేసినదంతా ఒక ఫైల్లో పెట్టుకోండి. తేదీ, పని, ఎంతమందికి ఉపయోగపడింది, మీరు కొత్తగా నేర్చుకున్నదేంటి, ఇవి చాలు. సంఘం లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం అడిగి తీసుకోండి, అడగడంలో సిగ్గేం లేదు. నేను అంతకుముందు పదిమంది ఎదురుగా మాట్లాడాలంటే గొంతు ఎండిపోయే మనిషిని. బడ్జెట్ కాగితం తయారుచేయడం రాదు. ఇవాళ కాలేజీలో లైబ్రరీ కమిటీ మీటింగ్‌కి నా కాగితం నేనే పట్టుకెళ్తున్నాను. పత్రికల చందాకి కోత పెట్టినప్పుడు, జిల్లాలో పక్క కాలేజీలు ఎంత ఖర్చు పెడుతున్నాయో చెప్పగలిగాను. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ దొరకదు. సంఘంలో ఫోన్లు చేస్తే దొరికింది.

అప్పగింతలు

రెండేళ్ళకు మించి ఒకే పని పట్టుకుని కూర్చోకండి. మీరు లేకపోతే జరగదు అని నలుగురూ అంటున్నారంటే ఆ పని మీరు ఎవరికీ నేర్పలేదని అర్థం. రెండో ఏడాది సగంలోనే ఒక కొత్తవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. ఫైళ్ళు మీ సొంత మెయిల్లో కాకుండా సంఘం మెయిల్లో ఉంచండి. ఎక్కడ ఏముందో ఒక పేజీ రాసి ఇవ్వండి. పాస్‌వర్డు మార్చుకోమని చెప్పి, మార్చారో లేదో చూసి, అడ్మిన్ జాబితాలోంచి మీ పేరు మీరే తీసేయండి.

సభ్యుల జాబితా నేను కిందటేడాది ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించాను. వారం తర్వాత ఫోన్ చేసింది.

‘మేడమ్, ఒక పేరు పక్కన గంట తీరిక ఉన్నప్పుడే చేయాలి అని ఉందేంటండీ?’

‘ఇప్పుడు తీరికేనా?’ అన్నాను.

‘ఆ, ఇవాళ సెలవే.’

‘అయితే చెయ్యమ్మా. పెన్ను దగ్గర పెట్టుకో.’